డ్యాష్‌క్యామ్ కొనడానికి అంబత్తూరు దాకా

ఈ బ్లాగు మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకు మా ఆయన తెలుసు. కారు ఆయన నడిపేవారు, పక్క సీట్లో కూచుని నేను విసుక్కునేదాన్ని, ఇంటికొచ్చాక రాసేదాన్ని. ఏ ఊరు వెళ్ళినా మా ఇద్దరికీ అదే పద్ధతి. నాలుగు నెలల కిందట ఒక ఆదివారం ఆయన నిద్రలోనే పోయారు. గుండె అన్నారు డాక్టర్లు. అప్పటినుంచీ ఇక్కడ ఒక్క ముక్క రాయలేదు, పలకరించినవాళ్ళకు జవాబూ ఇవ్వలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా ఊరు దాటిన ప్రయాణమేమీ కాదు. చెన్నైలోనే, మా తొండియార్‌పేట ఇంటినుంచి అంబత్తూరు ఫ్యాక్టరీల ఎస్టేటు దాకా, మహా అయితే పద్దెనిమిది కిలోమీటర్లు. డ్యాష్‌క్యామ్ కొందామని బయల్దేరేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా బిల్డింగులో కారు పెట్టుకునే చోటు లేదు, వీధిలోనే ఆపుతాం. పోయిన నెల ఎవరో కుడివైపు అద్దం విరగ్గొట్టి, తలుపు మీద జానెడు గీత గీసి పోయారు. మా వీధిలో పిల్లి తుమ్మినా పది కిటికీలు తెరుచుకుంటాయి, ఆ అద్దం విరిగినప్పుడు మాత్రం అందరూ చెవిటివాళ్ళే. కారు ఆగి ఉన్నప్పుడు కూడా కాపలా కాసే కెమెరా కావాలనుకున్నాను. అది ఒక పని. అంతకన్నా పెద్ద పని ఇంకొకటి ఉంది. బ్యాటరీ చచ్చిపోకుండా వారానికోసారి కారు తిప్పడానికి మునిరత్నం గారని ఒక డ్రైవరు వస్తారు. ఇలా కూలికి వచ్చేవాళ్ళను ఇక్కడ యాక్టింగ్ డ్రైవర్ అంటారు, సినిమాలతో సంబంధమేమీ లేదు. ఆయన ఆ అరగంటా పేటలో తిప్పుతుంటే నేను నా పాత సీట్లోనే కూచుంటాను. అలా కూచుంటే మా ఆయన పక్కనే ఉన్నట్టుంటుంది, అంతకు మించి కారణం లేదు. పోయిన వారం మునిరత్నం గారు ముందు అద్దానికి ఎప్పటినుంచో ఉన్న, కారు నడిచేటప్పుడే పనిచేసే పాత కెమెరా చూపించి, "అమ్మా, దీన్లో బొమ్మే కాదు, మాట కూడా పడతాది. అయ్య మాట ఏమన్నా ఉంటాదేమో చూడండి" అన్నారు.

నా దగ్గర ఆయన గొంతు లేదు. ఫోటోలు వేలల్లో ఉన్నాయి. వీడియోలన్నిటికీ నేనే తెలివిగా మాటలు తీసేసి సంగీతం పెట్టాను. వాయిస్ మెసేజ్ పెట్టమంటే, "సాయంత్రం ఇంటికి వస్తా కదే, ఆడ చెప్తాలే" అనేవారు. మాది తెనాలి వైపు. తరతరాలుగా మద్రాసులో ఉన్న వాళ్ళ ఇంటి తెలుగును ఇరవై ఆరేళ్ళు వెక్కిరించాను. ఈడేమిటి, ఆడేమిటి, మనుషుల్లా మాట్లాడండి అని. ఆ ఈడ, ఆడ ఇంకొక్కసారి వినాలని నాలుగు నెలలుగా చెవులు కోసుకుంటున్నాను. పాత కెమెరా తెర చెడిపోయి ఏడాదైంది, ఎర్ర లైటు మాత్రం మినుకుమినుకుమంటుంది. లోపలి కార్డు గోరంత ఉంటుంది, నేను పీకితే విరుగుతుందేమోనని భయం. ఎవరు బిగించారో వాళ్ళే తీయాలని, ఆయన పనిచేసిన ఎస్టేటు దగ్గరి కొట్టుకే పోదామన్నాను.

బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకు బయల్దేరాం. డ్రైవరుకు ఎనిమిది గంటలకు తొమ్మిది వందలు, మధ్యాహ్నం భోజనం మన మీద. దారి సులువే. మూలకడై మీదుగా మాధవరం రౌండానా (కూడలిని ఇక్కడ అలా అంటారు), అక్కడినుంచి లోపలి రింగు రోడ్డు పట్టుకుని రెట్టేరి, పాడి, ఆ తర్వాత ఎస్టేటు. కానీ మెట్రో పనులకు దారంతా రేకులు కట్టేశారు, నాలుగు వరసల రోడ్డు ఒకటిన్నర అయింది. మాధవరం దగ్గరే ఇరవై నిమిషాలు నిలబడ్డాం. "ఈడ ఇంతేనమ్మా, ఎప్పుడు ముగిస్తారో ఆ మురుగనికే తెలియాల" అన్నారు మునిరత్నం గారు. వానకు నిలిచిన నీళ్ళు గుంతల్లో నల్లగా ఉన్నాయి. ఇరవై ఏళ్ళు మా ఆయన పొద్దునా సాయంత్రమూ తిరిగిన దారి ఇది. అద్దం మీద ఎర్ర లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది, అది పనిచేస్తున్నందుకు నాకు ధైర్యంగానే ఉంది.

పాడి దాటక ముందు ఒక చిన్న టిఫిను కొట్టు దగ్గర ఆగాం. ఆయన వారానికి మూడుసార్లయినా అక్కడ పొంగలి తిని ఫ్యాక్టరీకి పోయేవారు. పొంగలి, వడ, కాఫీ కలిపి మనిషికి తొంభై అయింది. సాంబారు బాగుంటుంది, పదిన్నర దాటితే వడలు దొరకవు. పెనం దగ్గరున్నావిడకు నా వచ్చీరాని తమిళంలో ఆయన పోలికలన్నీ చెప్పాను. పొడుగు, తెల్ల మీసం, నీలం యూనిఫారం, వడ మీద చట్నీ పోస్తే కోపం వచ్చే మనిషి అని. ఆవిడ గరిటె ఆపి నిజంగానే ఆలోచించింది. "నీలం యూనిఫారంలో రోజూ రెండొందల మంది వస్తారమ్మా" అని మళ్ళీ పెనం వైపు తిరిగింది. అందులో ఆవిడ తప్పేముంది? అయినా కాఫీ సగంలో వదిలేసి లేచాను.

పదకొండు దాటాక కొట్టు చేరాం. కారు సామాన్ల కొట్టు, సీటు కవర్లు, హారన్లు, పాటల పెట్టెలు. కెమెరాల పని చూసే అమ్మాయి పేరు కోమల, ముప్పై ఏళ్ళుంటాయి. ఇంట్లో తెలుగేనట, మాట మాత్రం సగం తమిళంలోకి జారిపోతుంది. "ఉక్కారుంగ ఆంటీ, కూచోండి" అని స్టూలు వేసింది. మీకు కావలసింది ఆ అమ్మాయి చెప్పిందే కాబట్టి ఆమె మాటల్లోనే రాస్తాను. "పార్కింగ్ మోడ్ అంటే బండి ఆపినాక కూడా కెమెరా మేలుకొని ఉంటాది ఆంటీ. ఎవరన్నా తగిలితే రికార్డు చేస్తాది. దానికి ఫ్యూజు బాక్సులోంచి వైరు లాగాల. బండి బ్యాటరీ దిగిపోతా ఉంటే తనే ఆగిపోయే కిట్టు వేసుకోండి, లేదంటే పొద్దున బండి స్టార్టు కాదు. ఇంగ మన ఊరి ఎండకి కెమెరా లోపల బ్యాటరీ ఉంటే ఉబ్బిపోతాది, దాని బదులు కెపాసిటర్ ఉండేదే అడగండి."

రికార్డయింది ఇంటర్నెట్‌లో దాచే క్లౌడ్ కెమెరా సంగతి అడిగాను. "దాన్లో సిమ్ము ఉంటాది. బండికి దెబ్బ తగిలిన వెంటనే క్లిప్పు పైకి పోతాది, మీ ఫోనుకు మెసేజి వస్తాది. కెమెరానే పీక్కొని పోయినా క్లిప్పు మీకు దొరుకుతాది" అంది. పార్కింగ్ కిట్టుతో మామూలుది ఏడు వేల చిల్లర, క్లౌడుది పద్దెనిమిది వేలు, పైగా నెల నెలా కట్టాలి. పైకి పోయింది ఎన్నాళ్ళు ఉంటుందమ్మా అన్నాను. "ప్లాను బట్టి ఆంటీ. వారమో, నెలో. ఆనక పోతాది, కావాలంటే మీరే దించి పెట్టుకోవాల" అంది. మర్చిపోవడానికి నెల నెలా డబ్బు కట్టడం దేనికి, నాకు ఊరికే వస్తుంది కదా అనుకుని మామూలుదే చాలన్నాను. వీధిలో కొత్త కారు పెట్టేవాళ్ళు, రోజుల తరబడి ఊళ్ళు తిరిగేవాళ్ళు మాత్రం క్లౌడుదే తీసుకోండి. నా ఒక్కదాని విసుగు చూసి మీరు నిర్ణయించుకోవద్దు.

అప్పుడు పాత కెమెరా తెచ్చి బల్ల మీద పెట్టాను. ఇందులో మా ఆయన మాట్లాడి ఉంటారు, అది నాకు కావాలి అన్నాను. కోమల కార్డు మెల్లగా తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టింది. కాసేపు చూసి, అంకుల్ ఎప్పుడు పోయారని అడిగింది. తేదీ చెప్పాను. మళ్ళీ తెర మీది తేదీలు పైనుంచి కిందికి చూసింది. ఏమైందమ్మా అంటే, తల ఎత్తకుండానే చెప్పింది. "ఈ కార్డులో పది గంటలే పడతాది ఆంటీ. నిండినాక కొత్తది రాయాలంటే అన్నిటికంటే పాతది చెరిపేస్తాది. ఇప్పుడు దీన్లో ఉండే అన్నిటికంటే పాత ఫైలు అంకుల్ పోయినాకే." ఆ తేదీ చూశాను. మునిరత్నం గారు మొదటిసారి కారు తిప్పిన రోజు అది.

నిన్న వచ్చి ఉంటే దొరికేదా అని అడిగాను. ఆ అమ్మాయి అబద్ధం చెప్పి ఉండవచ్చు, చెప్పలేదు. "ఈ పొద్దున ముప్పై ఫైళ్ళు చేరినాయి ఆంటీ. ఒక్కోటి మూడు నిమిషాలు." అంటే గంటన్నర. నిన్నటిదాకా ఆయన ఆఖరి గంటన్నర ఆ కార్డులో ఉంది. మూలకడైలో కొంత, మాధవరం ట్రాఫిక్కులో కొంత, పాడిలో కొంత, దాన్ని నేనే చెరుపుకుంటూ వచ్చాను. అంతకు ముందున్నదంతా, ఆయన పక్కనున్నట్టుంటుందని వారం వారం కూచున్న ఆ అరగంటలు మింగేశాయి. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న మునిరత్నం గారి మొహం చూడలేకపోయాను. "నేనే కదమ్మా తోలింది. తెలిసుంటే బండి తోసుకొనైనా వచ్చుందునే" అని తుండుతో కళ్ళు తుడుచుకున్నారు.

కోమల ఇంకో ఫోల్డరు తెరిచింది. బండి గట్టిగా కుదిపితే కెమెరా దాన్ని యాక్సిడెంటు అనుకుంటుందట, ఆ నిమిషానికి తాళం వేసి విడిగా దాస్తుందట. ఆ అర ఆయన ఉన్నప్పుడే నిండిపోయింది, అందుకని కొత్తవి చేరలేదు, పాతవి చెరగలేదు. మొత్తం పద్నాలుగు. పద్నాలుగు గుంతలు. "మన రోడ్ల పుణ్యం ఆంటీ" అంది. గుడ్డిలో మెల్ల. మొదటిది పెట్టింది. ధబేల్మని చప్పుడు, వెంటనే ఆయన గొంతు: "పట్టుకో పట్టుకో." నేను ఏడ్చేశాను. కొట్లో జనం ఉన్నారని కూడా చూసుకోలేదు.

మా ఆయన హెచ్చరిక ఎప్పుడూ గుంతలో పడ్డాకే వచ్చేది. నా తిట్టు ఆ వెనకే. పద్నాలుగింటిలో పదకొండు అంతే, ఆయనది రెండు మాటలు, మిగతా నిమిషమంతా నేను. కళ్ళు నెత్తికెక్కాయా, నడుము విరిగింది, ఈ రోడ్డున ఎందుకు తెచ్చారు. ఆయన మధ్యలో ఏదో అనబోతారు, నా కేకకు అది వినపడదు. నా గొంతు తగ్గించి ఆయనది పెంచవచ్చా అని కోమలను అడిగాను. రెండూ కలిసిపోయి ఉన్నాయి, వేరు చేయడం తనకు రాదంది. రెండింటిలో హారన్లే. ఒకదానిలో మాత్రం నేను లేను, ఫ్యాక్టరీకి ఒక్కరే పోతున్నారు. గుంతలో పడి, ఖాళీ సీటుకే "పట్టుకో పట్టుకో" అన్నారు. తర్వాత తనలో తానే చిన్నగా నవ్వుకున్నారు.

ఇంకొకటి ఉంది, నేను తిట్టిన పదకొండింటిలోనే ఆఖరుది. రెట్టేరి వంతెన కింద. గుంత, పట్టుకో, నా తిట్టు అన్నీ అయ్యాయి. "సరి విడు, ఈ రోడ్డు నేనా వేసింది?" అని నవ్వి, "ఇదిగో, నీకు ఒకటి చెప్పాలనుకొని మర్చిపోతా ఉండా, నిన్న ఆడ ఏమైందంటే" అన్నారు. నిమిషం అయిపోయింది. తర్వాతి ఫైలు ఎప్పుడో చెరిగిపోయింది. కోమలను మూడుసార్లు పెట్టమన్నాను, మూడుసార్లూ అక్కడికే ఆగింది. కెమెరాను తిట్టి ఏం లాభం? ఆ రోజు ఆ పక్క సీట్లో ఉన్నది నేనే. ఆయన చెప్పే ఉంటారు, నేను వినే ఉంటాను, ఊఁ అని కూడా ఉంటాను. ఏం చెప్పారో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.

కొత్త కెమెరా బిగించడానికి రెండు గంటలు పట్టింది, బిగింపు కూలి ఎనిమిది వందలు వేరే. మైకు ఉంచమంటారా తీసేయమంటారా అని కోమల అడిగింది. కారులో ఇక నేను ఎవరితో మాట్లాడతాను? తీసెయ్యమన్నాను. పద్నాలుగు క్లిప్పులూ నా ఫోనులో వేసి, ఇంకో కార్డు మీదా ఎక్కించి ఇచ్చింది, దానికి డబ్బు తీసుకోలేదు. తిరుగు దారిలో మునిరత్నం గారు ప్రతి గుంత దగ్గరా బండిని నడక కన్నా నెమ్మదిగా దించారు. ఒక్క కుదుపు తగల్లేదు. ఇంటికి చేరేసరికి మూడున్నర.

ప్రయాణాలు రాసేటప్పుడు ఏ కొండ ఎంత ఎత్తో, ఏ హోటల్లో ఏం బాగుంటుందో అన్నీ రాశాను. పక్కన నడిపే మనిషి ఏమన్నారో ఒక్క చోటా రాయలేదు, అది ప్రయాణంలో భాగమని తోచలేదు. మీలో కారులో పక్క సీట్లో కూచునేవాళ్ళు ఉంటే కాస్త నోరు తగ్గించుకోండి, నేను చెప్తున్నాను కదా. ఇక పనికొచ్చే సలహా ఒక్కటే. పాత కెమెరాలో మీకు కావలసింది ఏదైనా ఉందని అనుమానం వచ్చిన క్షణమే దాని వైరు పీకేయండి. ఆ తర్వాత కారు తాళం కూడా తిప్పకండి, కెమెరాను సంచీలో వేసుకుని బస్సెక్కండి. తొండియార్‌పేట నుంచి మాధవరం, అక్కడ మారి అంబత్తూరు ఎస్టేటు. మామూలు బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు కూడా లేదు, బస్సు మా వీధి చివరే ఆగుతుంది. నేను కారులో వెళ్ళాను.