తలలేని నెమళ్లు, రెండు కిలోబైట్లు

ధర్మవరంలో ఒక పట్టుచీర మీద నెమళ్ల తలలు వరసగా ఎగిరిపోయాయి. నేరం నాదే. కంగారుపడకండి, రక్తపాతం లేదు. పరువు మాత్రమే పోయింది.

అప్పుడే ఇంజనీరింగు ముగించి హిందూపురంలో ఉన్నాను. లోకంలో నాకు తెలియనిది ఇంకా పుట్టలేదనుకునే వయసు. ధర్మవరంలో నేత నేసే ఓబులేసన్న మగ్గానికి ఎలక్ట్రానిక్ జకార్డు పెట్టె చేసిచ్చాను. మెమరీ కార్డులో ఉన్న డిజైను చదివి, ఏ పోగులు లేవాలో మగ్గానికి చెప్పే డ్రైవరు ప్రోగ్రాము నేనే రాశాను. చిప్పులో మెమరీ రెండే కిలోబైట్లు. కార్డేమో చదివినా రాసినా అయిదువందల పన్నెండు బైట్ల ముద్ద తప్ప ముట్టదు.

"ఇంగొంచెం పెద్ద చిప్పు పెట్టరాదా అప్పా?"

"చాలన్నా. సర్దుకుంటే ఇదే మిగుల్తాది."

కరెంటు పోతే నేత ఎక్కడ ఆగిందో తెలియాలి గనక, కొన్ని వరుసలకోసారి వరుస సంఖ్యను కార్డులో రాయాలి. చిప్పు మెమరీలో చదివే ముద్దను పట్టే జాగా ఒక గిన్నె అనుకుంటే, రాసే ముద్దకు ఇంకో గిన్నె ఉండాలి. నేను రెంటికీ ఒకటే పెట్టాను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. అన్నవాళ్లకు ప్రోగ్రామింగు రాదని సరిపెట్టుకున్నాను. ఇంట్లో మగ్గానికి బదులు బల్బులు తగిలించి పరీక్షిస్తే బ్రహ్మాండంగా వెలిగాయి. బల్బుకు తల ఉందో లేదో ఎవరు చూస్తారు?

కదిరిలో శుక్రవారం పెళ్లి. చీర గురువారానికి అందాలి. మంగళవారం ఫోను మోగింది.

"ఏమప్పా, యాడుండావు? నెమిలికి తలకాయ ల్యా!"

"డిజైన్లో ఉండాదే అన్నా!"

"డిజైన్లో ఉంటే పెండ్లికూతురు డిజైను కట్టుకుంటాదా? తలకాయ జాగాలో ఏవో చుక్కలుండాయి."

ఆ చుక్కలు వరుస సంఖ్యలు. గిన్నెలో నెమలి తల ఉండగానే దాని మీద లెక్క రాసేసి, ఆ లెక్కనే నేయించాను.

పరుగున ధర్మవరం వెళ్లాను. ఓబులేసన్న భార్య రామక్క నన్ను మగ్గం ముందు కూర్చోబెట్టింది. "నేసింది నువ్వే గదా, ఇప్పు." జానెడు పట్టును పోగుపోగుగా వెనక్కి తీశాను.

"ఈ చిప్పు పారేద్దాం అప్పా."

"లేదన్నా. దీంతోనే నేయిస్తా."

రెండో గిన్నెకు చోటు కోసం ప్రోగ్రామంతా గాలించాను. చిల్లర బైట్లు దొరికాయి గాని ముద్దకు చాలవు. ఓబులేసన్న పెట్టె మీది చిన్న తెర వైపు వేలు చూపించాడు.

"దాని మింద ఏందో పాకుతాండాదే, ఏందది?"

"నా పేరన్నా. బొమ్మగా గీసి పెట్టినా, అలంకారానికి."

"దానికి జాగా ఎంత?"

"అయిదువందల పన్నెండు."

"అంటే నెమిలి తలకాయ తీసి నీ పేరుకు జాగా ఇచ్చినావు!"

రామక్క నవ్వు ఆపుకోలేక మగ్గం పట్టుకుంది.

పేరు తీసేశాను. రెండో గిన్నె అంగుళం తేడా లేకుండా కూర్చుంది. గురువారం మధ్యాహ్నం చీర కదిరి బస్సెక్కింది, నెమళ్లన్నీ తలెత్తుకుని మరీ.

ఆనాడే మగ్గం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఒకరి పట్టు మీద నా పేరుకు చోటు వెతకను. సంపాదకుడు గారూ, ఈ వ్యాసం కింద కూడా నా పేరు వేయకండి. ఆ జాగాలో నెమలి బొమ్మేమైనా ఉంటే పెట్టండి, తలతో సహా.