రేపల్లెలో ఆగని రైలు

నిన్న బాపట్ల స్టేషన్లో నా పక్కన కూర్చున్న పెద్దాయన బటన్ ఫోన్లో నంబరు నొక్కుతుంటే మీట మీటకీ కుయ్ కుయ్‌మని చప్పుడు. నా వెన్ను దానంతటదే నిటారైంది. మా శేషగిరిరావు గారు గుర్తొచ్చారు.

తెనాలిలో మా పత్రిక ఆఫీసుకు ఆయన ఇన్‌చార్జి. రోజూ బాపట్ల నుంచి రైల్లో వచ్చేవారు. ఆ ఏడు తుపాను వానలకి దుగ్గిరాల, కొలకలూరు, రేపల్లె విలేకరులు ముగ్గురూ నీళ్లలో నిలబడ్డ గేదె ఫొటో ఆయనకు వాట్సాప్‌లో పంపారు. ముగ్గురిదీ ఒకటే గేదె. "దీనికి సీజన్ టికెట్ ఉందేంటయ్యా?" అన్నారాయన. మర్నాడే స్మార్ట్‌ఫోన్ కూతురికిచ్చేసి బటన్ ఫోన్‌తో వచ్చారు. "చూపిస్తే నమ్మేస్తున్నానయ్యా. నా చెవులకి ఇంకా కాస్త బుద్ధుంది. ఇకమీద వార్త నాకు నోటితో చెప్పండి" అన్నారు. మేం చాటుగా నవ్వుకున్నాం. ఫొటో చూడలేని మనిషిని మభ్యపెట్టడం ఇంకా తేలికనుకున్నాం.

అప్పటికి నేను చేరి మూడు నెలలు. రేపల్లెలో ఆరబోసిన ధాన్యం తడిసి మొలకెత్తిందని నాకొక ఫొటో వచ్చింది. చినుకుల్లో అంత దూరం ఎవరు పోతారు? తెనాలిలో రైలుకట్ట పక్కనున్న నా గది నుంచే ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావురా?"

"రేపల్లె స్టేషన్ పక్కనే సార్."

ఆ మాట నోట్లో ఉండగానే కిటికీ అవతల రైలు కూత పెట్టుకుంటూ దూసుకుపోయింది.

"ఏంటా మోత?"

"రైలండి."

"ఆగలేదే?"

"లేదండి, స్పీడుగా వెళ్లిపోయింది."

"ఒరేయ్, రేపల్లెతో పట్టాలు అయిపోతాయి. అక్కడ ఆగని రైలు పోయి కృష్ణలో పడాలి. ధాన్యం సంగతి తర్వాత, ముందు ఆ వార్త చెప్పు."

నేను గబుక్కున కిటికీ మూశాను.

"సాయంత్రం లోపు నిజంగా రేపల్లె నుంచి ఫోన్ చెయ్యి. లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

పరుగున రైలెక్కాను. తీరా చూస్తే ధాన్యం టార్పాలిన్ల కింద పొడిగా ఉంది. ఆ ఫొటో ఏనాటిదో, ఏ ఊరిదో. ఒక రైతు నా చెయ్యి పట్టుకున్నాడు. "తడిసిందని రాయమాక బాబూ. మీ పేపరు చూపించి మిల్లులోళ్లు రేటు కోసేస్తారు."

స్టేషన్ బయట నిలబడి ఫోన్ చేశాను. ఆయన ఎత్తారు గానీ పలకలేదు. వింటున్నారని అర్థమై, చెయ్యి చాపి ఫోన్‌ను ఊరివైపు పట్టుకున్నాను. బస్సు కండక్టర్ కేకలు, మిల్లు రొద, వచ్చి ఆగిన రైలు బుస.

"ఊఁ, ఇప్పుడు చెప్పు" అన్నారు.

ఆయన పోయి నాలుగేళ్లు. నా జేబులో స్మార్ట్‌ఫోనే ఉంది. ఆయనంత ధైర్యం నాకు లేదు. కానీ ఏ ఊరి నుంచి చేసినా, వార్త మొదలెట్టే ముందు నా చెయ్యి దానంతటదే ఫోన్‌తో ఊరివైపు చాచుకుంటుంది. డెస్కులో అమ్మాయి, "సార్, సిగ్నల్ లేదాండి?" అని అరుస్తుంది.

"ఉందమ్మా," అంటాను, "కాస్త విను."