నాన్న నిద్రలో పరుగు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్ అంటే మా తార్నాక ఇంట్లో నాన్నకు మధ్యాహ్నం నిద్ర. ఆయన యూనివర్సిటీ ఆఫీసులో గుమస్తా. క్యాంపస్‌లో పేలిన బాష్పవాయువు ఘాటు మా దాకా తేలి వచ్చి, గదంతా కన్నీళ్లలోంచి చూస్తున్నట్టు మసకగా ఉండేది. ఆ మసకలో నాన్న కళ్లు తెరవకుండానే కాళ్లు విసిరేవారు, ఎవరినో తోసేవారు, "పొండ్రా!" అని అరిచేవారు. మెలకువలో గొంతు పెంచి ఎరగని మనిషి.

అమ్మ గబగబా కిటికీలు మూసేది. మేము గుంటూరు నుంచి వచ్చినవాళ్లం. ఆ "పొండ్రా" ఉద్యమంలో ఉన్న పిల్లల్నే అన్నారని చుట్టుపక్కలవాళ్లు అనుకుంటారేమోనని ఆమె భయం. ఉక్కపోతకు నాకు ఒళ్లు మండేది. ఒకరోజు పక్కింటావిడ నవ్వింది.

"కిటికీలెందుకు మూస్తున్నవ్ అక్కా? సారు క్యాంపస్ల లాఠీచార్జి చూసిండు, గదే కలలకొస్తున్నది. లొల్లి ఆగితే తగ్గుతది."

మేమూ అదే నమ్మాం.

రాష్ట్రం వచ్చింది. నాన్న కలలో మాత్రం లొల్లి ఆగలేదు. కొన్నేళ్లకు చేయి వణకసాగింది. పార్కిన్సన్స్ అని చెప్పిన డాక్టరు, నిద్రలో కాళ్లూ చేతులూ విసిరేవారా అని అడిగాడు. కొందరిలో వణుకుకంటే ఏళ్ల ముందే అది కనిపిస్తుందట.

ఇప్పుడు నాన్న మంచం నుంచి తలుపు దాకా నడిచేలోపు అమ్మ ఒక కీర్తన మొత్తం పాడుకోవచ్చు. నిద్రలో మాత్రం ఆయన ఇంకా పరుగే. నేను లేపబోతే అమ్మ, మంచం పక్కన దిండ్లు పరిచి కిటికీలు బార్లా తెరుస్తుంది.

"లేపకు. పరిగెత్తనీ."