తెల్ల ద్రాక్షారసం

మద్యనిషేధం రోజులవి. దొరవారిసత్రంలో రైలెక్కినామె నా ఎదురుగా కూర్చుని, రెండు సీసాలు దాపరికం లేకుండా ఒళ్లో పెట్టుకుంది. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు.

"మా పందిరి ద్రాక్షే నాయనా. ఇంటిల్లిపాదీ పిండి పులియబెట్టినాం. చర్చిలో ప్రభు భోజన సంస్కారంలో అందరికీ ఇచ్చేదానికని నెల్లూరు పాస్టరు అయ్యగారికి చూపించబోతుండా. ఎర్రది ఒప్పుకుంటారు. ఈ ఏడే కొత్తగా చేసిన తెల్లదానికే నా దిగులు."

"ప్రభువు రక్తమని ఇచ్చేది తెల్లగా ఉంటే ఎట్లక్కా? ఆయనకు రక్తహీనత అనుకోరూ?" అన్నాను. నా నోరు ఊరుకోదు.

ఆమె నవ్వలేదు. తెల్ల సీసాను కిటికీ వెలుతురుకు పట్టి చూసి, "శిలువ మీద ఆయన్ని బల్లెంతో పొడిస్తే రక్తమొక్కటే కారిందా? నీళ్లూ కారినాయి గదా!" అనింది. ముఖం విప్పారింది. "అయ్యగారికి ఇదే చెప్తా. భలే అడిగినావు నాయనా!"

నెల్లూరులో తెల్ల సీసానే ముందుకు పట్టుకుని, తల ఎత్తుకుని దిగింది. నా వెటకారాల్లో ఒకరికి పనికొచ్చింది ఇప్పటికీ అదొక్కటే.