సన్మానం వద్దన్న టీచరుగారు

మా టీచరుగారు పోయారు. ఆదివారం పొద్దున కంకిపాడు నుంచి ఫోన్ వచ్చింది, గుండెపోటని. టీచరుగారని అంటున్నానుగానీ ఆవిడ నాకెప్పుడూ పాఠం చెప్పలేదు. మా చెల్లెలి కూతురికి ఏడో తరగతిలో సోషల్ చెప్పారు. ఆ పిల్లనీ, దాని తమ్ముణ్ణీ పెంచుతున్నది నేనే. పోయినవాళ్ళ గురించి నెమ్మదిగా రాయాలంటారు. ఆవిడ గురించి నెమ్మదిగా రాయడం నా వల్ల కాదు.

పిల్ల ఏడో తరగతిలో ఉండగా పామర్రు వెళ్ళే దారిలో వాళ్ళ ఆటో కాలవలో పడింది. మా చెల్లెలు ఆ నీళ్ళలోనే పోయింది. పిల్ల మాత్రం తమ్ముణ్ణి జుట్టు పట్టుకుని గట్టుకి లాక్కొచ్చింది. ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ దాన్ని పిలిచి అడగడమే. "ఎట్లా లాగావమ్మా? అమ్మ కనిపించిందా?" పరామర్శ పేరుతో పిల్లని రోజూ మళ్ళీ కాలవలోకి దించారు. దానికి నిద్ర లేదు. వెనకనుంచి ఎవరైనా చెయ్యి వేస్తే అరిచేది.

బెజవాడ గవర్నర్‌పేటలో పిల్లల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళినప్పుడు టీచరుగారు సెలవు పెట్టి మాతో వచ్చారు. అంతా విని, "స్కూల్లో పిల్లతో మేమెట్లా ఉండాలండీ?" అని ఆవిడే అడిగారు. ముట్టుకునే ముందు చెప్పాలి, జరిగింది చెప్పమని బలవంతపెట్టకూడదు, చిన్న చిన్న విషయాల్లో నిర్ణయం పిల్లకే వదలాలి అన్నారు డాక్టరుగారు. మర్నాటినుంచి అదే. "ఇవాళ ఎక్కడ కూచుంటావే?" అని అడిగేవారు. గుమ్మం పక్కనంటే గుమ్మం పక్కనే. పాఠం మధ్యలో వరండాలోకి వెళ్తే వెళ్ళనిచ్చేవారు. "ఆ పిల్లకేమైనా కొమ్ములొచ్చాయా?" అని తోటి టీచరొకావిడ దెప్పితే, "వచ్చేదాకా నా క్లాసులోనే ఉంటుందిలెండి" అన్నారట.

అలా పిల్ల కాస్త కుదుటపడుతుండగా సన్మానం వచ్చిపడింది. మనవాళ్ళకి శాలువా కప్పనిదే ప్రేమ పుట్టదు కదా! స్కూలుకి ఫ్యాన్లు ఇస్తానన్న దాత ఒకాయన, పిల్ల స్టేజీ ఎక్కి జరిగిందంతా మైకులో చెప్పాలన్నాడు. గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టారు. రెండు జడలతో మా పిల్ల ఫొటో, కింద 'సాహస బాలిక' అని. అది చూసి పిల్ల గేటు బయటే వాంతి చేసుకుంది. ఇంక ఈ స్కూలుకి రానంది.

టీచరుగారు కత్తెర తెచ్చి, కుర్చీ ఎక్కి, ఫ్లెక్సీ తాళ్ళు కత్తిరించేశారు. హెడ్‌మాస్టరుగారు పరుగెత్తుకొచ్చారు.

"ఏంటండీ ఇది? గౌరవిస్తామంటే వద్దంటారేంటి?"

"పిల్లని అడిగారాండీ? ధైర్యవంతురాలు, ధైర్యవంతురాలు అని మనమంటుంటే ఇంక అదెప్పుడు ఏడుస్తుంది?"

"ఫ్యాన్లు పోతాయండీ."

"పోనివ్వండి. చెమటలు పడితే తుడుచుకుంటాం."

ఫ్యాన్లు పోయాయి. బెజవాడ చుట్టుపక్కల ఎండాకాలం ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒక్క పిల్లకోసం అందరినీ ఉడికిస్తోందని మిగతా పిల్లల తల్లిదండ్రులు ఆవిడ మొహమ్మీదే అన్నారు. ఆవిడ పమిటచెంగుతో మెడ తుడుచుకుంటూ పాఠం చెప్పారు. ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. ఫొటో లోపలికి వచ్చేలా ఫ్లెక్సీ చుట్టి నా చేతికిచ్చి, "ఏం చెయ్యాలో పిల్లనే అడగండి" అన్నారు. పిల్ల తగలెట్టమంది. పెరట్లో తగలెట్టాం. ఆ కంపుకి పక్కింటివాళ్ళు తిట్టారు. తిట్టనీ! మర్నాడు పిల్ల స్కూలుకి వెళ్ళింది.

ఆవిడ రుణం నేను తీర్చుకోలేను. కోపం కూడా ఉంది నాకు. ఒక పిల్ల బడిలో నిలబడాలంటే ఒక టీచరు అంత మొండిగా పోట్లాడాలా? అది ప్రతి బడిలోనూ మామూలుగా జరగాల్సిన పని కాదా?

మొన్న చర్చి హాల్లో సంతాప సభ పెట్టారు. పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. సభ నడిపే పెద్దమనిషి మావైపు చూసి, "టీచరుగారు ఆదుకున్న పాప ఇక్కడే ఉంది. రా అమ్మా, ఆ రోజు కాలవలో ఏం జరిగిందో నీ నోటితోనే చెప్పు" అన్నాడు. తలలన్నీ ఇటు తిరిగాయి. నేను లేవబోయాను. పిల్ల నన్ను చెయ్యి పట్టి కూచోబెట్టి తను లేచింది.

"నేను చెప్పనండి."

"ఒక్క మాటైనా అమ్మా, టీచరుగారి కోసం..."

"ఆవిడైతే నన్ను అడిగేవారు కాదండి."

పిల్ల చున్నీ సర్దుకుని కూచుంది, తల ఎత్తి సూటిగా ఆయన్నే చూస్తూ.