టీకా మచ్చ కథకు నేను చూసిన ప్రూఫ్

కరోనా తగ్గి బడులు మళ్ళీ తెరిచిన సంవత్సరం అది. తిరువళ్ళూరు స్టేషన్ వెనక సందులో నా డి.టి.పి. సెంటర్. డి.టి.పి. అంటే చేతిరాతను కంప్యూటర్లో కొట్టి, పేజీలు కట్టి, అచ్చుకు సిద్ధం చేసివ్వడం. ఈ చుట్టుపక్కల తమిళం కొట్టేవాళ్ళు వీధికి ఇద్దరున్నారు. తెలుగు కొట్టేవాణ్ణి నేనొక్కణ్ణే. తిరుత్తణి పక్క పల్లెల పెళ్ళి పత్రికలు, చర్చి పాటల పుస్తకాలు అన్నీ నా దగ్గరికే రావాలి. అందుకని నాకు కాస్త పొగరుండేది.

పొగరుకి ఇంకో కారణం, నేనూ రచయితనే అనుకోవడం. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఎనిమిదేళ్ళుగా పిల్లల కోసం ఒక మాయల కథ రాస్తున్నాను. తల్లీతండ్రీ లేని అబ్బాయి. అరచేతిలో నక్షత్రం లాంటి మచ్చ, అందులో శక్తి. కొట్టే మేనమామ, మాట్లాడే కాకి, దారి చూపే ముసలాయన. ఏడు గుహలు దాటితే నీడ లేని రాక్షసుడు. రెండు పత్రికలకు పంపితే జవాబైనా రాలేదు. వాళ్ళకు రుచి తెలియదని సరిపెట్టుకున్నాను.

ఒక సోమవారం రూతమ్మ వచ్చింది. కడంబత్తూరు ఆమె, ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పిల్లల వార్డు ఆయా. చేతిలో అట్ట చిరిగిన నోటు పుస్తకం. తెరిస్తే తమిళ అక్షరాలు, చదివితే తెలుగు. మా వైపు ఇది వింతేమీ కాదు. ఇంట్లో మాట తెలుగు, బడిలో నేర్చిన రాత తమిళం, అందుకని తెలుగునే తమిళ అక్షరాల్లో రాసుకుంటారు. మద్రాసులో ఎవరో పిల్లల పుస్తకాలవాళ్ళు తెలుగు కథలకు పోటీ పెట్టారట. గెలిచిన కథను బొమ్మలతో అచ్చు వేస్తారట. శనివారం సాయంత్రంలోగా అందాలి.

"వార్డులో పిల్లోళ్ళకి చెప్పిన కథన్నా. ఇంటికి పోయేటప్పుడు ఆ పుస్తకం ఇయ్యి ఆయా అంటారు. యాడుండాది నా దగ్గర పుస్తకం?" అంది.

ఇలాంటి మ్యాటర్, అంటే కొట్టాల్సిన రాతప్రతి, కొట్టడానికి ఒక పద్ధతి ఉంది. రాసినవాళ్ళు పక్కన స్టూలు మీద కూర్చుని పైకి చదువుతారు, నేను విని కొడతాను. ఆమె డ్యూటీ ముగించుకుని రోజూ రెండు గంటలు కూర్చునేది.

మొదటి రోజు పదో పేజీకే నా చేతులు ఆగాయి. తల్లీతండ్రీ లేని ఆడపిల్ల. భుజం మీద వెలిగే మచ్చ. తిట్టే పిన్నమ్మ, మాట్లాడే బల్లి, దారి చూపే ముసలమ్మ. ఏడు తలుపులు, ఏడో దాని వెనక రాక్షసుడు. నా ఒళ్ళు మండిపోయింది. నాలుగేళ్ళ కిందట మా అబ్బాయికి జ్వరం వచ్చి ఐదు రోజులు ఆ వార్డులోనే ఉన్నాం. వాణ్ణి నిద్రపుచ్చడానికి నా కథే చెప్పాను. ఈమె గోడ పక్కన నిలబడి విని, మగపిల్లాణ్ణి ఆడపిల్లగా మార్చి రాసేసింది అనుకున్నాను. అంతకన్నా మండించిందేమంటే, ఆమె కథ నా కథ కన్నా బాగుంది.

బుధవారం నాటికి రెండు కథల్లోనూ కలిసేవి పదకొండు లెక్క తేల్చి, జాబితా రాసి ఆమె ముందు పెట్టాను. మా వాడి జ్వరం సంగతీ చెప్పాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. మా వాడు గుర్తు లేడంది. జాబితా చదివించుకుని వింది.

"అమ్మ పక్కనుంటే ఆ బిడ్డని ఒంటిగా అడివికి పోనిస్తాదా? అందుకే కథలో అమ్మ లేకుండా చేయాల్సి వచ్చినాదన్నా. బల్లి అంటావా, వార్డు గోడ మీద ఉండేది అదే. మచ్చ అంటే టీకా మచ్చ. అది అందరి భుజానా ఉండాది కదా. సూదికి ఏడ్చే బిడ్డకి నీ భుజం చూసుకో, నువ్వే ఆ పిల్ల అంటే నోరు మూస్తాది."

నా కథలో అబ్బాయికి అరచేతిలో నక్షత్రం పెట్టడానికి అలాంటి కారణమేమీ లేదు. ఎక్కడో చదివాను, బాగుందనిపించి పెట్టాను. దొంగతనం కాదని తేలిపోయాక నా కుళ్ళు తగ్గాల్సింది. రెట్టింపైంది.

శుక్రవారం చివరి భాగం చదివింది. ఏడో తలుపు వెనక రాక్షసుడి భుజం మీద మచ్చ లేదు. చిన్నప్పుడు సూది వేస్తుంటే పట్టుకునేవాళ్ళు లేక పారిపోయాడట, అప్పటి నుంచి ఎవరినీ దగ్గరికి రానివ్వడట. ఆ పిల్ల వాణ్ణి చంపదు. పక్కన కూర్చుని గట్టిగా పట్టుకుంటుంది, తన వెలుగులో సగం వాడి భుజానికి అంటుకుంటుంది. నాలుగు పేజీలు. కొట్టాక తెర మీద మళ్ళీ రెండుసార్లు చదువుకున్నాను.

ఆమె వెళ్ళాక ఆ నాలుగు పేజీలూ తీసేశాను. వాటి చోట మూడు వరసలు కొట్టాను. పిల్ల వెలుగుతో కొట్టింది, రాక్షసుడు బూడిదయ్యాడు, అందరూ సుఖంగా ఉన్నారు. నా కథ ముగిసేదీ అలాగే. అచ్చుకు ముందు తప్పులు దిద్దడాన్ని ప్రూఫ్ చూడటం అంటాం. రాసినవాళ్ళే చూడాలి. ఆమెకు తెలుగు అక్షరాలు రావు. "ప్రూఫ్ నువ్వే చూడన్నా" అని మొదటి రోజే చెప్పేసింది. ఆ ధైర్యంతోనే ఆ పని చేశాను.

శనివారం పొద్దున్నే వచ్చింది. కాగితాలు కళ్ళకద్దుకుంది. కవరు అంటించబోతుంటే, ఆ రోజు ఇంటికి పోయే బిడ్డకు అచ్చులో ఉన్నట్టే చెప్పాలి, చివరి భాగం ఒకసారి చదివి వినిపించమంది.

ఆఖరి కాగితం పట్టుకున్నాను, దాని మీద ఉన్నవి ఆ మూడు వరసలే. మూడు వరసలు చదివితే అక్కడికక్కడే దొరికిపోతాను. అందుకని కాగితం చూస్తూ ఆమె నాలుగు పేజీలూ నోటికి చెప్పాను. మాట తప్పకుండా వచ్చాయి. ఎనిమిదేళ్ళు రాసిన నా కథలో ఒక్క పేజీ అలా చెప్పమంటే చెప్పలేను. ఆ సంగతి చెబుతూ చెబుతూనే తెలిసింది.

ఆమె వంగి నా చేతిలో కాగితం చూసింది. తర్వాత అంది. "ఇంతసేపు చదివినావు. కాగితంలో మూడే వరసలుండాయి."

కాగితం బల్ల మీద పెట్టేశాను. నేనే తీసేశాను అన్నాను. ఎందుకని అడుగుతుందనుకున్నాను, జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను, కుళ్ళు అని. ఆమె అడగలేదు. స్టూలు నా పక్కకు జరుపుకుని, నోటు పుస్తకంలో ఆఖరి భాగం తీసింది.

"నేను చదవతా. నువ్వు కొట్టు."

నాకు ఆమె అవసరం లేదు, అంతా నోటికొచ్చు. అయినా ఆమె చదివింది, నేను కొట్టాను. అయ్యేదాకా నా పక్కనుంచి లేవలేదు.

ఆ కథ ఎంపికైంది. పుస్తకమైంది, ఒక కాపీ నా బల్ల మీదుంది. తెలుగు అక్షరం రానివాళ్ళ మ్యాటర్ ఏది వచ్చినా ఇప్పుడు అచ్చుకు ముందు మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపిస్తాను, పెళ్ళి పత్రికైనా సరే. కాగితం వాళ్ళ వైపే తిప్పి పెడతాను. కుళ్ళు పోయిందా అంటే పోలేదు. మొన్న మా వాడు, ఇప్పుడు పెద్దవాడయ్యాడు, చిన్నప్పుడు వార్డులో విన్న కథ మళ్ళీ చెప్పమన్నాడు. నాది ఎక్కడ పెట్టానో గుర్తు రాక, రూతమ్మది చెప్పాను. మధ్యలో వాడు చొక్కా పక్కకు జరిపి భుజం చూసుకున్నాడు.