ఒతీలియా ఈ ఏడు మొగుణ్ణి చంపలేదు

ప్రతి ఏడూ అక్టోబరు చివరికి ఒతీలియా తన వీధిలో అందరినీ చంపేది.

మొదట మొగుణ్ణి చంపేది. తరవాత కసాయి మెలితోన్‌ని, మంగలిని, బడి పంతులమ్మని, ఆఖరికి చర్చి ఫాదరుని. ఒక్కొక్కరికి ఒక్కొక్క పుర్రె పద్యం, అంటే నవంబరు మొదట్లో వచ్చే చచ్చినవాళ్ళ పండగకని, బతికున్నవాళ్ళు చచ్చినట్టు రాసి ఏడిపించే సరదా పద్యం. రంగు కాగితాల మీద నల్ల సిరాతో గుండ్రంగా రాసి, తన కాగితాల కొట్టు కిటికీ అద్దానికి అంటించేది. చచ్చినవాళ్ళు పొద్దున్నే వచ్చి అద్దం ముందు నిలబడి, తాము ఎట్లా చచ్చారో చదువుకుని పొట్ట పట్టుకుని నవ్వేవారు.

ఆమె పద్యాల్లో చావు ఒక ఆడమనిషి. పేరు బక్కమ్మ. ఒంటి మీద కండ లేకపోయినా ఓపిక ఎక్కువ. ఎవరి దగ్గరికైనా వాళ్ళ లోపం పట్టుకునే వస్తుంది. మెలితోన్ మాంసం తూచేటప్పుడు బొటనవేలు కూడా తూస్తాడు. అందుకని బక్కమ్మ అతణ్ణి అదే తక్కెడలో పడేసి, తూకం వేసి మరీ పట్టుకుపోయింది. మెలితోన్ ఆ పద్యాన్ని వచ్చిన ప్రతి బేరానికీ చదివి వినిపించాడు. బొటనవేలు మాత్రం తీయలేదు.

ఒక ఏడు మంగలిని మరిచిపోయింది. అతను ఆమె కొట్టు ముందు నుంచి తల తిప్పుకుని నడవడం మొదలుపెట్టాడు. ఆఖరికి ఉండబట్టలేక లోపలికి వచ్చి, "నేనేం పాపం చేశాను తల్లీ? చావడానిక్కూడా పనికిరానా?" అని అడిగాడు. ఆమె అక్కడికక్కడే నిలబెట్టి అతణ్ణి చంపింది. మనిషి తేలికపడి వెళ్ళాడు.

మంచం పట్టినవాళ్ళ మీద మాత్రం రాసేది కాదు. అట్లాగని నియమమేమీ పెట్టుకోలేదు. చేయి వచ్చేది కాదు, అంతే. ఆ సంగతి వీధికి తెలుసు.

నికనోర్‌ని మొదటిసారి చంపింది పెళ్ళికి ముందు. అప్పుడీ కొట్టు ఆమె తండ్రిది. రేడియో బాగుచేయడానికని వచ్చిన కుర్రాడు, రేడియో బాగుపడ్డాక కూడా వస్తూనే ఉన్నాడు. ఆమె విసుగు పుట్టి ఒక పద్యం రాసింది. బక్కమ్మ అతణ్ణి తీసుకుపోతే, పాటలు సరిగా వస్తున్నాయో లేదో చూసిపోతానని సమాధిలోంచి లేచి వచ్చాడట. అతను అద్దం ముందు నిలబడి అది చదివి, టోపీ తీసి లోపలికి వచ్చాడు.

"నన్ను చంపినావిడ ఎవరండీ?"

"నేనే."

"బాగా చంపారు."

ఆ మాటతోనే పెళ్ళి కుదిరిందని చెప్పాలి. ఆ తరవాత కొట్లో ఒక మూల అతని బల్ల వచ్చింది. ఆమె పిల్లలకు అట్టలూ జిగురూ రంగు పెన్సిళ్ళూ అమ్ముతుంటే, అతను ఆ మూల కూర్చుని అపిసాకో ఊళ్ళో పాడైన మిక్సీలూ ఇస్త్రీ పెట్టెలూ బాగుచేసేవాడు. ఇద్దరూ పొద్దస్తమానం ఒకరినొకరు దెప్పుకునేవారు. బేరానికి వచ్చినవాళ్ళు సరుకు తీసుకున్నాక కూడా కాసేపు నిలబడి విని పోయేవారు.

ఆగస్టులో నికనోర్ సంతలో కళ్ళు తిరిగి పడ్డాడు. గుండెలో ఒక తలుపు సరిగా మూసుకోవడం లేదని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. జనవరిలో కోస్తామన్నాడు. ఈ వయసులో ఎట్లా ఉంటుందో చెప్పలేమని కూడా అన్నాడు.

"వాషరు పోయింది, అంతే" అన్నాడు నికనోర్, ఇంటికి వచ్చే బస్సులో.

ఒతీలియా నవ్వలేదు. కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చుంది. ఆ రోజు నుంచి ఆమె నిద్రపోతున్నా ఒక చెవి అతని ఊపిరి మీదే ఉండేది.

ఈ ఏడు కూడా మొదట అతని కాగితమే తీసింది. నారింజ రంగుది. "బక్కమ్మ వచ్చింది" అని రాసింది. కలం అక్కడ ఆగింది. ఎప్పుడూ చేయి దానంతటది పరుగెత్తే చోటు అది. బక్కమ్మ వచ్చింది, గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మనడానికి ఒతీలియాకు నోరు రాలేదు. కాగితాన్ని నలిపి ఏప్రను జేబులో వేసుకుంది. మొదటి చోట ఫాదరుని అంటించింది. నికనోర్ చూడకుండా ఉంటే బాగుండునని అనుకుంది.

నికనోర్ చూశాడు. పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని అద్దం ముందుకు వెళ్ళాడు. పైనుంచి కిందికి అన్నీ చదివాడు. మళ్ళీ కింది నుంచి పైకి చదివాడు. లోపలికి వచ్చి తన బల్ల దగ్గర కూర్చున్నాడు.

"బాగున్నాయి" అన్నాడు. ఇస్త్రీ పెట్టె ఒకటి ముందుకు లాక్కున్నాడు.

మధ్యాహ్నానికి వీధి అంతా చదివేసింది. ఎదురింటి ఎయుఫేమియా వచ్చి, గొంతు తగ్గించి, "వదినా, డాక్టరు ఏమన్నాడు? నిజం చెప్పు" అని ఒతీలియా చేయి పట్టుకుంది. మెలితోన్ పులుసుకని మూలుగ ఎముక పంపించాడు, దానికి చుట్టూ బోలెడంత మాంసంతో. బొటనవేలు తూయకుండా అతను మాంసం ఇవ్వడం ఆ వీధి ఎరగదు. మంగలి వచ్చి, అడగకుండానే, నికనోర్‌కు కూర్చున్న చోటే గడ్డం గీసి పోయాడు. గీస్తున్నంతసేపూ ఒక్క ఊసు చెప్పలేదు.

సాయంత్రం నికనోర్ ఎప్పటిలాగే వీధి మూలన కాఫీ కొట్టుకు, చిన్ననాటి స్నేహితుడు ఫౌస్తోతో డామినో బిళ్ళలాట ఆడటానికి వెళ్ళాడు. పొద్దు పూర్తిగా వాలకముందే తిరిగి వచ్చాడు. టోపీ తీసి వంటగది బల్ల మీద కొట్టాడు.

పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. ఒతీలియా గరిటె పట్టుకుని వెనక్కి తిరిగింది.

"ఏమైంది?"

"గెలిచాను."

"మంచిదేగా."

"ఏం మంచిది! ఫౌస్తో చేతిలో గెలిచే బిళ్ళ పెట్టుకుని నన్ను గెలిపించాడు. నా కళ్ళారా చూశాను. పైగా 'మీ వంతండీ, నికనోర్ గారూ' అన్నాడు. గారట! బుద్ధెరిగినప్పటి నుంచీ వాడు నన్ను గాడిద అనే పిలిచాడు. మన పెళ్ళినాడు కూడా, గాడిద ఓ ఇంటివాడయ్యాడనే దీవించాడు. ఇవాళ గారు!"

"మర్యాద నేర్చుకున్నాడేమో."

"వాడి మొహం! అది మర్యాద కాదు, శ్రద్ధాంజలి." అతను కుర్చీలో కూలబడ్డాడు. "పొద్దుటి నుంచి చూస్తున్నాను. ఒకడు ఎముక పంపుతాడు. ఒకడు గడ్డం గీస్తాడు. ఇంక పూలు రావడమే తరువాయి. నన్నెందుకు చంపలేదే?"

ఆమె గరిటెతో గింజలు కలిపింది. "కాగితం అయిపోయింది."

"కాగితాల కొట్లో కాగితం అయిపోయిందా?"

"నారింజది అయిపోయింది."

"ఆకుపచ్చ దాని మీద చావనన్నానా?"

ఆమె మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. అతను ఆమె వీపు చూశాడు.

"ముసలీ, ఇటు తిరుగు."

తిరిగింది. గరిటె నుంచి చారు కారి నేల మీద పడుతోంది.

"రాద్దామనే కూర్చున్నాను" అంది. "చేయి రాలేదు. రాస్తే చావు నిజంగా వింటుందేమోనని..."

"ఇన్నేళ్ళు చంపావు. ఒక్కసారన్నా విన్నదా?"

"అప్పుడు నీకేమీ లేదు."

"నేను ఇంకోలా అనుకుంటున్నాను" అన్నాడు నికనోర్. "నువ్వు చంపావు కాబట్టే బతికాను. బక్కమ్మ ప్రతి ఏడూ ఈ వీధికి వస్తుంది. అద్దం మీద నా పేరు చూస్తుంది. సరే, వీడి పని అయిపోయింది అనుకుని పోతుంది. ఈ ఏడు నా పేరు లేదు. ఇప్పుడేమనుకుంటుంది? వీడొకడు మిగిలిపోయాడే అనుకోదూ?"

అది పచ్చి అబద్ధమని ఒతీలియాకు తెలుసు. అయినా దాంట్లో తప్పెక్కడుందో పట్టుకోలేకపోయింది.

"నాకు చేతకాదు" అంది.

"సరే, నేనే రాసుకుంటాను. వినిపెట్టు." గొంతు సవరించుకుని, ఒక చేయి పైకెత్తి అందుకున్నాడు:

"బక్కమ్మ వచ్చింది, బల్ల పక్క నిలిచింది,
నికనోరు మంచివాడు, వాన కూడా కురిసింది."

గరిటె ఆగింది.

"వానెందుకు కురిసింది?"

"ప్రాస కోసం."

"ప్రాస కోసం, చినుకు పడని నవంబరులో వాన తెస్తావా? ఇక మంచివాడేమిటి? పుర్రె పద్యంలో ఎవడైనా మంచివాడుంటాడా? మంచివాణ్ణి ఏమని ఏడిపిస్తాం?"

"అయితే ఇది విను. 'బక్కమ్మ వచ్చింది కోడిని పట్టుకొని...'"

"కోడెందుకు?"

"మర్యాదస్తురాలు. ఖాళీ చేతులతో వస్తుందా?"

"దేవుడా!" ఒతీలియా గరిటె పక్కన పెట్టేసింది. చావును ఎట్లాగో ఓర్చుకునేదేమో గాని చెడ్డ పద్యాన్ని ఆమె ఓర్చుకోలేదు. "కోడి కాదు, మోకాలు. లోకమంతా కాళ్ళీడ్చుకుంటూ తిరిగే మనిషి ఆమె, ఒట్టి ఎముకలు. మోకాలు పట్టుకుని వస్తుంది."

అనేశాక గాని తను ఏమన్నదో ఆమెకు తెలియలేదు. నికనోర్ ముఖంలో నవ్వు దాచుకోవడం చేతగాని పిల్లవాడి సంబరం కనిపించింది.

"వస్తే?" అన్నాడు మెల్లగా.

"వస్తే నువ్వు ఊరుకుంటావా? పాడైందేదైనా కనిపిస్తే చాలు, నీ చేతులు దురదపెడతాయి. విప్పుతావు."

"బాగుచేస్తాను కూడా."

"చేస్తావు. చేశాక ఒక స్క్రూ మిగులుస్తావు. నువ్వు చేసినదేదీ మిగలకుండా బిగిసింది లేదు. ఎయుఫేమియా మిక్సీ ఇప్పటికీ కోడిపెట్టలా బల్లంతా గెంతుతోంది."

"అది నా తప్పు కాదు. తయారుచేసినవాళ్ళే ఒకటి ఎక్కువ పెడతారు."

"ప్రతిదానికీనా?"

"దూరాలోచన గలవాళ్ళు."

ఒతీలియాకు నవ్వు వచ్చింది. ఆగస్టు నుంచి లోపలెక్కడో ఇరుక్కున్న నవ్వు, దగ్గులాగా మొదలై బయటికి వచ్చింది. బల్ల అంచు పట్టుకుని నవ్వింది. కుర్చీలో కూర్చుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏప్రను ముఖానికి అడ్డం పెట్టుకుంది. అప్పుడది నవ్వు కాదు. నికనోర్ కుర్చీ దగ్గరికి జరిపి, ఆమె వీపు మీద చేయి వేసి ఉంచాడు. పొయ్యి మీద గింజలు అడుగంటిన వాసన వచ్చేదాకా ఇద్దరూ అట్లాగే ఉన్నారు.

మాడిన గింజలే రొట్టెల్లో చుట్టుకుని తిన్నారు. తింటూ ఎనిమిది పాదాలు కట్టారు. అతను చెప్పిన పాదం ఒక్కటి కూడా నిలవలేదు.

మర్నాడు కొట్టు తెరిచేసరికి అద్దం మీద మొదటి చోట ఆకుపచ్చ కాగితం ఉంది. నికనోర్ బయట నిలబడ్డాడు. ఒతీలియా లోపల ఒక పిల్లకు బంతిపూల రంగు కాగితాలు విడదీసి ఇస్తూ, అద్దం మీది పద్యాల సందులోంచి అతణ్ణి చూస్తోంది. అతని పెదవులు కదులుతున్నాయి.

"బక్కమ్మ వచ్చింది మోకాలు పట్టుకొని,
'పద పద నికనోరు, పొద్దెక్కె'నంటూ.
'కూర్చోండి అమ్మగారు, కీలు సడలింది,
చిటికెలో బిగిస్తాను, కదలకం'డంటూ

విప్పాడు ఎముకలు, పూశాడు నూనె,
బిగించి చూస్తే ఒక్కటి మిగిలింది.
కుంటుతూ బక్కమ్మ కొండెక్కిపోతూ
'బిగించేప్పుడు పిలువు, మళ్ళొస్తాను' అంది."

ఫౌస్తో వెనక నుంచి వచ్చి, అతని భుజం మీదుగా చదివాడు. చదివి, అద్దం అదిరేలా నవ్వాడు.

"చావు మోకాలు కూడా సరిగ్గా బిగించడం చేతకాలేదట్రా గాడిదా!"

"నువ్వు నోరు ముయ్యి. సాయంత్రం ఆ దాచిన బిళ్ళ ఎట్లా తీయిస్తానో చూడు."

ఎయుఫేమియా వచ్చింది. మెలితోన్ కత్తి తుడుచుకుంటూ వచ్చాడు. ఒకరికొకరు గట్టిగా చదువుకుంటున్నారు. నికనోర్ మాత్రం వాళ్ళ మధ్య కదలకుండా నిలబడ్డాడు. ఎనిమిది పాదాల కింద ఇంకో రెండున్నాయి. అవి రాత్రి బల్ల దగ్గర లేవు.

"వెతుకుతున్నాడు ఇల్లంత నికనోరు,
దాచిన ఒతీలియా మెదపదు నోరు."

అతను కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చదివాడు. తరవాత లోపలికి వచ్చి, పిల్ల వెళ్ళేదాకా ఆగి, బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు.

"ఎక్కడ దాచావే?"

"చెప్పను."

"నాక్కూడానా?"

"నీకసలే చెప్పను" అంది ఒతీలియా, మిగిలిన కాగితాలు సర్దుతూ. "ఆవిడొచ్చి మంచిగా అడిగితే ఇచ్చేస్తావు."